నియాసినమైడా, నయాసినమైడా? ఒక సీరం పేరులో దాగిన పొగాకు

మా మేనకోడలికి మొటిమలు తగ్గాక మిగిలిన మచ్చల కోసం చర్మవైద్యురాలు ఒక సీరం రాసిచ్చారు. అది కొనడానికి నెల్లూరు పొగతోటకు వెళ్లిన రోజున, ఒకే పదాన్ని గంట వ్యవధిలో నాలుగు రకాలుగా విన్నాను. చీటీ రాసిచ్చిన డాక్టరమ్మ ‘నయాసినమైడ్’ అన్నారు. మా మేనకోడలు ‘నియాసినమైడ్’ అంది. మందుల షాపు కుర్రవాడు లోపలున్న మనిషికి ‘నియాసినామైడ్ టెన్ పర్సెంట్’ తెమ్మని కేక వేశాడు. మా పక్కన నిలబడిన ఒక పెద్దావిడ, కూతురు ఫోనులో పంపిన బొమ్మ చూపిస్తూ, ‘ఈ నేసిన్‌మైడు ఉందా బాబూ?’ అని అడిగింది. నలుగురూ అడుగుతున్నది ఒకటే పదార్థం, అందరి ముందూ ఉన్నది ఒకే పదకొండు ఇంగ్లీషు అక్షరాల పేరు. బయటికి రాగానే మా మేనకోడలు ‘మామయ్యా, ఇంతకీ ఏది కరెక్టు?’ అంది.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు ‘డాక్టరమ్మ అన్నదే కరెక్టు’ అని చెప్పి ఊరుకోవచ్చు. నిఘంటువులు తిరగేస్తే ఆ జవాబు తప్పని కూడా తేలదు. కానీ ఆ ఒక్క మాటతో మిగిలిన ముగ్గురినీ తప్పు పట్టినట్టవుతుంది. ఆ ముగ్గురూ పలికిన తీరు వెనక కూడా ఒక్కొక్క నియమం ఉందనీ, అవి అజ్ఞానం వల్ల పుట్టిన రూపాలు కావనీ తెలిసేకొద్దీ, ఈ చిన్న విషయాన్ని వివరంగా రాయాలని అనిపించింది.

ముందు పదార్థం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. ఇది బి3 విటమిన్‌కు ఉన్న రెండు ముఖ్య రూపాలలో ఒకటి. చర్మంలో రంగును తయారుచేసే కణాలు ఆ రంగు పొట్లాలను పై కణాలకు అందించే పనిని ఇది కొంత తగ్గిస్తుంది, చర్మపు పైపొర తేమను నిలుపుకోవడానికి తోడ్పడుతుంది. అందుకే మచ్చలకు, జిడ్డుకు, పొడిబారడానికి అమ్మే సీరాలలోనూ క్రీములలోనూ 2 నుంచి 10 శాతం వరకు దీన్ని కలుపుతారు. పదేళ్ల కిందట మన ఊళ్లలో వైద్యులు, ఫార్మసీ చదివినవారు తప్ప దీని పేరు ఎత్తినవాళ్లు అరుదు. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలు కూడా శాతాలతో సహా అడుగుతున్నారు. ఇంత పొడవైన రసాయన నామం ఇంత తొందరగా ఇంతమంది నోళ్లలోకి రావడమే ఉచ్చారణ చీలిపోవడానికి మొదటి కారణం. వాళ్లందరికీ ఆ పేరు నేర్పిన గురువు ఒక్కరు కాదు. ఒకరు సీసా మీద చదివి నేర్చుకున్నారు, ఒకరు ఫోనులో విని నేర్చుకున్నారు, ఇంకొకరు అలా విన్నవాళ్ల దగ్గర విన్నారు.

అసలు గొడవంతా మొదటి మూడు అక్షరాలలో ఉంది. ఎన్, ఐ, ఏ. ఈ మూడింటినీ వరసగా చూసిన తెలుగువాడు ‘నియా’ అని చదవాలా, ‘నయా’ అని చదవాలా? ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి ప్రాంతాల మనిషిని అడిగితే అతనికి తెలియకుండానే జవాబు సిద్ధంగా ఉంటుంది. తరతరాలుగా ఆ నేలల్లో పండిస్తున్నది వర్జీనియా పొగాకు. ‘వర్జీనియా’ చివర ఉన్నవి సరిగ్గా ఆ మూడు అక్షరాలే. అమ్మోనియాలోనూ, న్యుమోనియాలోనూ చివర అవే. ఇన్ని పదాలలో ‘నియా’ అని చదివిన కన్ను కొత్త పదంలోనూ అలాగే చదువుతుంది. దీన్ని తప్పని ఎవరైనా అంటే, వర్జీనియాను ‘వర్జినయా’ అని ఎందుకు అనడం లేదో చెప్పవలసి వస్తుంది.

అయితే అవే మూడు అక్షరాలు పదం మొదట్లో వచ్చే చోటు మరొకటి మనకు బాగా తెలుసు: నయాగరా. ఆ జలపాతాన్ని ‘నియాగరా’ అన్న తెలుగువాడిని నేను ఇంతవరకు చూడలేదు. ఇలాగే డయాబెటిస్, డయాలిసిస్, బయాలజీ, సయాటికా. ఇంగ్లీషులో ఒక అలవాటు ఉంది. పదం మొదట్లో ‘ఐ’ అక్షరం వచ్చి, దాని వెనువెంటనే మరో అచ్చు వస్తే, ఆ ‘ఐ’ని సాధారణంగా ‘ఐ’ అనే పలుకుతారు; అదే పదం చివర్లో, ఊనిక పడని చోట వస్తే ‘ఇ’ అని తేల్చేస్తారు. అందుకే ఒకే మూడక్షరాలు వర్జీనియాలో ఒక రకంగా, నయాగరాలో మరో రకంగా పలుకుతాయి. ఇటాలియన్ నుంచి వచ్చిన ‘పియానో’ వంటివి ఈ అలవాటుకు లొంగలేదు కానీ, శాస్త్ర పదాలు ఎక్కువగా లొంగాయి. ఆ లెక్కన మన సీరం పేరు నయాగరా దారిలో నడవాలి. ఇంగ్లీషు నిఘంటువులు ‘నయాసినమైడ్’కు దగ్గరగా ఉన్న ఉచ్చారణనే ఇస్తాయి, డాక్టరమ్మ పలికింది అదే.

ఇక్కడ ఇంగ్లీషు చరిత్ర కూడా కొంత చెప్పాలి. యూరపులోని చాలా భాషలలో ‘ఐ’ అక్షరానికి విలువ ‘ఇ’ లేదా ‘ఈ’ మాత్రమే. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు దీర్ఘంగా పలికే ‘ఐ’ అక్షరం ‘ఈ’యే, మనం ‘టైమ్’ అనే మాటను వాళ్లు ‘టీమ’ అన్నట్టు పలికేవారు. సుమారు 15వ శతాబ్దం నుంచి మొదలుపెట్టి కొన్ని తరాలపాటు ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి. ‘ఈ’ జారి ‘ఐ’ అయింది. రాత మాత్రం పాతదే నిలిచిపోయింది. కాబట్టి ఇంగ్లీషు తెలియకుండా ఆ అక్షరాన్ని ‘ఇ’ అని చదివే ఫ్రెంచివాడూ, స్పానిష్‌వాడూ, జర్మనుడూ తప్పు చదువుతున్నట్టు కాదు, అక్షరానికి ఉన్న పాత విలువనే పలుకుతున్నారు. ఫ్రెంచివాళ్లు ఇదే మందును ‘నియాసినమీద్’ అంటారు. స్పానిష్‌లో ‘నియాసినమీదా’. జర్మన్‌లో ‘సి’ అక్షరం కూడా మారి ‘నియాత్సినమీద్’ అవుతుంది. చర్మ సంరక్షణ సరుకులతో ఇప్పుడు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న కొరియాలో మాత్రం అమెరికా ఉచ్చారణను విని తమ లిపిలో ‘నాయియాసినామాయిడు’ అన్నట్టు విడదీసి రాసుకున్నారు. జపానువాళ్లు మొదటి సగం అమెరికా నుంచీ చివరి సగం యూరపు నుంచీ తీసుకుని ‘నాయియాషిన్ అమిడో’ అంటారు. మా మేనకోడలు ‘నియాసినమైడ్’ అన్నప్పుడు ఆమెకు తోడుగా సగం యూరపు ఉంది.

తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు మాటలను గమనిస్తే, చెవి దారిన వచ్చినవీ కంటి దారిన వచ్చినవీ వేరువేరుగా కనిపిస్తాయి. నెల్లూరు జిల్లా మనిషికి దీనికి మంచి ఉదాహరణ ఇంటిపక్కనే ఉంది. గూడూరు ప్రాంతపు గనులలో తీసిన అభ్రకాన్ని అక్కడి కూలీల నుంచి వ్యాపారుల వరకు అందరూ ‘మైకా’ అనే అన్నారు. రాతను చూసి చదివి ఉంటే అది ‘మికా’ అయ్యేది. కానీ ఆ మాటను వాళ్లు కాగితం మీద చూడలేదు, గని దగ్గర దొరల నోటి నుంచీ గుమాస్తాల నోటి నుంచీ విన్నారు. చెవి దారిన వచ్చిన మాటలో ఇంగ్లీషు పలుకు నిలిచింది. సీరం పేరు అలా రాలేదు. ఎక్కువమందికి అది ముందు సీసా మీద అచ్చక్షరాలుగా ఎదురైంది, ఆ తర్వాతే వినిపించింది. కంటి దారిన వచ్చిన మాటను తెలుగువాడు తన లిపి నేర్పిన పద్ధతిలో చదువుతాడు. మన లిపిలో రాసినదంతా పలుకుతాం, పలికినదంతా రాస్తాం. ఒక అచ్చుకు చోటును బట్టి రెండు విలువలు ఉంటాయన్న ఊహే మన చదువుకు పరాయిది. అటువంటి మనిషి ‘ఐ’ని ‘ఇ’ అని చదవడం నిజానికి తన భాషపట్ల నిజాయితీగా ఉండడమే.

ఈ రెండు రూపాలలోనూ మధ్యలో కనిపించే ‘య’ మాత్రం ఇంగ్లీషుది కాదు, మనది. తెలుగు రెండు అచ్చులను పక్కపక్కన నిలబడనివ్వదు. ‘మా అమ్మ’ను గబగబా అంటే ‘మాయమ్మ’ అవుతుంది. వ్యాకరణం దీన్ని యడాగమం అంటుంది. ‘ని’ తర్వాత ‘ఆ’ వస్తే ‘నియా’, ‘నై’ తర్వాత ‘ఆ’ వస్తే ‘నయా’. ఇంగ్లీషువాడు ఆ చోట రెండు అచ్చులనూ ఒకదానిలోకి ఒకటి జార్చేస్తాడు. మనం మధ్యలో ఒక మెట్టు కట్టుకుని దాటుతాం. ‘నియా’ అన్నవారూ ‘నయా’ అన్నవారూ ఈ మెట్టు దగ్గర ఒకే తెలుగు మాట్లాడుతున్నారు.

‘సినమైడ్’, ‘సినామైడ్’ అన్న తేడా ఇంకా సున్నితమైనది. ఇంగ్లీషులో ఈ పదానికి ప్రధానమైన ఊనిక ‘సిన్’ మీద పడుతుంది. దాని తర్వాత వచ్చే ‘ఏ’ అక్షరాన్ని వాళ్లు ‘అ’ అనీ అనరు, ‘ఆ’ అనీ అనరు. నోరు సగం తెరిచి, గుర్తుపట్టలేనంత పొట్టిగా ఒక శబ్దం చేసి ముందుకు పోతారు. తెలుగులో అటువంటి అస్పష్టమైన అచ్చు లేదు. మనకు హ్రస్వం ఉంది, దీర్ఘం ఉంది, ‘పడు’ వేరు, ‘పాడు’ వేరు. ఆ రెండింటి నడుమ నిలిచే వీలు లేదు. కాబట్టి ఆ శబ్దం మన దగ్గరికి వచ్చినప్పుడు ఏదో ఒక గడప ఎక్కక తప్పదు. చెవితో విన్నవాళ్లు దాన్ని పొట్టిగా విని ‘న’ అన్నారు. అక్షరం చూసినవాళ్లు ‘ఏ’ ఉంది కదా అని ‘నా’ అన్నారు. హిందీలోనూ ‘నా’ అనే దీర్ఘరూపం వాడుకలో ఉండటంతో, హిందీ వీడియోలు చూసే కుర్రవాళ్ల నోట ఆ దీర్ఘం మరింత బలపడింది. షాపు కుర్రవాడి ‘నియాసినామైడ్’ అలా వచ్చిందే కావచ్చు.

చివరి ‘మైడ్’ దగ్గర మాత్రం మన జిల్లాల్లో తగాదా లేదు. దానికి కారణం ఊహించడం కష్టం కాదు. కనిగిరి, ఆ పడమటి మెట్ట ప్రాంతాల ప్రజలు ‘ఫ్లోరైడ్’ అనే మాటను బడిలో నేర్చుకోలేదు. బావి నీళ్లలో, పసుపు గారలు పట్టిన పళ్లలో, వంగిపోయిన నడుముల్లో నేర్చుకున్నారు. అక్షరం ముక్క రాని ముసలివాళ్లు కూడా ‘ఫ్లోరైడు నీళ్లు’ అంటారు. క్లోరైడ్, ఆక్సైడ్, సల్ఫైడ్ అన్నీ అదే అచ్చులో పోసినవి. రసాయన పదం చివర ‘ఐ, డి, ఈ’ కనిపిస్తే ‘ఐడ్’ అనాలని మన చెవులు ఏనాడో తీర్మానించుకున్నాయి. విచిత్రమేమిటంటే, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకే ఈ ముక్క దగ్గర ఏకాభిప్రాయం లేదు. ‘అమైడ్’ అనే మాటను బ్రిటనులో కొందరు ‘ఏమైడ్’ అంటారు, అమెరికాలో కొందరు ‘యామిడ్’ అంటారు. మన పాఠ్యపుస్తకాలలోనూ ‘అమైనో ఆమ్లం’, ‘ఎమైనో ఆమ్లం’ రెండూ కనిపించడం ఈ తగాదా నీడే.

పెద్దావిడ ‘నేసిన్‌మైడు’ చివర పలికిన ఉకారం పాత తెలుగు స్వభావం. అచ్చ తెలుగు మాట అచ్చుతోనే ముగుస్తుంది, అందుకే ‘క్రీము’, ‘లోషను’, ‘పౌడరు’. పొగాకు ఊళ్లలో పెరిగిన నాకు ఈ సంగతి ‘బ్యారన్’ గుర్తుకు తెస్తుంది. పచ్చి ఆకును వేడి గొట్టాల మధ్య రోజుల తరబడి ఆరబెట్టే ఆ ఎత్తయిన గది ఇంగ్లీషువాడికి ‘బార్న్’. చివర రెండు హల్లులు గుద్దుకుని ఆగిపోయే ఆ మాట మన నాలుకకు రుచించలేదు. మధ్యలో ఒక అచ్చు దూర్చి ‘బ్యారన్’ చేసుకున్నాం. ఇప్పుడు రైతులూ, పత్రికలూ, అధికారులూ అందరూ బ్యారన్ అనే అంటారు, ఎంత పెద్ద చదువు చదివినవాడైనా టంగుటూరులో నిలబడి ‘బార్న్’ అంటే అతనిది మన ఊరు కాదని తెలిసిపోతుంది. ఒకప్పుడు తప్పుగా మొదలైన పలుకు, ఊరంతా ఒప్పుకున్నాక ఊరి మాట అయింది. సీరం పేరు ఇంకా ఆ దశకు రాలేదు. అందుకే ఇన్ని రూపాలు పక్కపక్కన తిరుగుతున్నాయి.

బ్యారన్‌ను ఉదాహరణకు మాత్రమే తీసుకోలేదు. ఈ సీరం పేరు పుట్టింది పొగాకులో.

1559లో జాన్ నికో అనే ఫ్రెంచి పండితుడు రాయబారిగా పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు వెళ్లాడు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చిన పొగాకు అక్కడ తోటల్లో మందుమొక్కగా పెరుగుతుండేది. 1560లో ఆయన ఆ మొక్కను ఫ్రెంచి రాజకుటుంబానికి పంపాడు. ఆ ఉపకారానికి గుర్తుగా మొక్కకు ఆయన పేరు పెట్టారు, మొక్కల శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పొగాకు ప్రజాతికి ‘నికోటియానా’ అనే శాస్త్రీయ నామాన్ని స్థిరపరిచాడు. ఆకులోని విషసారాన్ని 1828లో జర్మనీలో పోసెల్ట్, రైమాన్ అనే ఇద్దరు విడదీసినప్పుడు దానికి ‘నికోటిన్’ అని పేరు వచ్చింది. ఫ్రెంచిలో ఆ రాయబారి పేరు చివరి ‘టి’ని పలకరు, ‘నికో’ అనే అంటారు. మొక్క పేరులోకి, విషం పేరులోకి వచ్చాక ఆ మూగ ‘టి’కి నోరు వచ్చింది. ఈ వ్యాసం రాస్తున్నప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది: ఆ నికో స్వయంగా నిఘంటుకర్త. ఆయన కూర్చిన ఫ్రెంచి నిఘంటువు ఆయన మరణానంతరం 1606లో అచ్చయింది. మాటల కోసం జీవితం వెచ్చించిన మనిషి పేరే మాటల్లో కరిగి ఇంత దూరం ప్రయాణించింది.

19వ శతాబ్దం ద్వితీయార్ధంలో రసాయన శాస్త్రవేత్తలు నికోటిన్‌ను ఆక్సీకరణం చెందించి ఒక ఆమ్లాన్ని రాబట్టారు. నికోటిన్ నుంచి వచ్చింది కనుక దాన్ని ‘నికోటినిక్ ఆమ్లం’ అన్నారు. అది శరీరానికి అవసరమైన విటమిన్ అని అప్పుడు ఎవరికీ తెలియదు. అది తెలియడానికి ఒక చర్మవ్యాధి కారణమైంది. స్పెయిన్‌లో 1735లో గాస్పార్ కాసాల్ అనే వైద్యుడు, మొక్కజొన్న మీదనే బతికే పేద రైతుల మెడ చుట్టూ దండలాగా కమిలిపోయే ఎర్రటి పొక్కులను వర్ణించాడు. ఇటలీలో 1771లో ఫ్రాపొల్లి ఈ జబ్బుకు రైతులు వాడే ‘పెల్లాగ్రా’ అనే మాటనే పేరుగా రాశాడు. ఆ మాటకు అర్థం గరుకు చర్మం. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఈ జబ్బుతో వేలమంది చనిపోతుంటే, జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు 1914 నుంచి పనిచేసి ఇది అంటువ్యాధి కాదనీ, తిండిలోని లోపమనీ నిరూపించాడు. ఆ లోపించినది ఏమిటో 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వేయెమ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త తేల్చాడు. కాలేయంలో దొరికిన ఆ పదార్థం, అప్పటికి అరవై ఏళ్లకు పైగా ముందే సీసాలో పేరు రాసి పెట్టుకున్న నికోటినిక్ ఆమ్లానికి అమైడ్ రూపం, అంటే నత్రజని గుంపు చేరిన రూపం. మన దగ్గర కూడా జొన్న ప్రధాన ఆహారంగా బతికిన వాళ్లలో పెల్లాగ్రా కనిపించింది. హైదరాబాదులో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లో ప్రచురించిన పరిశోధన, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని చర్చకు తెచ్చింది. గరుకు చర్మం పేరున్న జబ్బును మాన్పడానికి వచ్చిన విటమినే ఇప్పుడు చర్మం నునుపు కోసం సీరంగా అమ్ముడవుతోంది.

ఇక్కడే పేరు మారింది. అమెరికాలో పెల్లాగ్రాను అరికట్టడానికి రొట్టెల పిండిలో ఈ విటమిన్‌ను కలపడం మొదలుపెట్టారు. ‘నికోటినిక్ ఆమ్లం కలిపిన రొట్టె’ అని వినగానే జనం పొగాకు తింటున్నామని భయపడే ప్రమాదం కనిపించింది. అందుకని 1942లో ఆ పేరును దాచి, దాని ముక్కలతోనే కొత్త పేరు కుట్టారు: ‘నికోటినిక్’ నుంచి ‘ని’, ‘యాసిడ్’ నుంచి ‘యాస్’, ‘విటమిన్’ చివర నుంచి ‘ఇన్’. అలా ‘నియాసిన్’ పుట్టింది. దానికి ‘అమైడ్’ తగిలిస్తే మన సీరం. ఉచ్చారణ గందరగోళానికి అసలు మూలం ఈ కుట్టు పనిలోనే ఉందని నా అభిప్రాయం. నికోటినిక్‌లో ‘ఐ’ తర్వాత హల్లు ఉంది, కనుక ఇంగ్లీషువాడు కూడా అక్కడ ‘ని’ అనే అంటాడు. కత్తిరించి అతికించేసరికి ఆ ‘ఐ’ పక్కన ‘యాసిడ్’ తాలూకు అచ్చు వచ్చి కూర్చుంది. నయాగరా నియమం వెంటనే పనిచేసి ‘ని’ని ‘నై’ చేసింది. పుట్టుకను బట్టి చూస్తే ‘ని’ సరైనది, ఇంగ్లీషు అలవాటును బట్టి చూస్తే ‘నై’ సరైనది. చివర వచ్చిన ‘విటమిన్’ కూడా ఇటువంటిదే: బ్రిటనువాళ్లు ‘వి’ అంటారు, అమెరికావాళ్లు ‘వై’ అంటారు, మనం బ్రిటను వెంట పోయాం.

పొగాకు పేరు విని సీరం వాడేవాళ్లు కంగారు పడనక్కరలేదు. సీసాలోని మందు పొగాకు నుంచి తీసింది కాదు. కర్మాగారాల్లో పిరిడిన్ వర్గపు రసాయనాల నుంచి తయారుచేస్తారు. అది శరీరంలో నికోటిన్‌గా మారదు, వ్యసనం కలిగించదు. నిజానికి పొగాకు మొక్కే తన వేళ్లలో నికోటినిక్ ఆమ్లాన్ని తీసుకుని నికోటిన్ తయారుచేసుకుంటుంది. మొక్క ముందుకు నడిచిన దారిలో రసాయన శాస్త్రం వెనక్కి నడిచింది, అంతే. చిన్నప్పుడు మా ఇంట్లో ఆకు కోత రోజుల్లో మా అమ్మ చేతులు పొగాకు జిగురుతో నల్లగా అట్టకట్టి ఉండేవి. తడి ఆకు మోసిన కూలీలకు చర్మం గుండా నికోటిన్ ఎక్కి తల తిరిగేది, వాంతులయ్యేవి. ఆ ఆకు పేరు మోస్తున్న మందునే మా అమ్మ మనవరాలు ఇప్పుడు మచ్చలకు రాసుకుంటోంది. పొగతోట అనే పేరు పొగాకు తోటనే గుర్తు చేస్తుంది కనుక, ఆ పేరున్న చోటనే ఈ మందు కొనడం నాకు మరీ విశేషంగా తోచింది.

మేనకోడలి ప్రశ్నకు ఇప్పుడు నేను చెప్పే జవాబు ఇది. ఇంగ్లీషులో మాట్లాడుతున్నప్పుడు ‘నయాసినమైడ్’ అంటే నిఘంటువుకు సరిపోతుంది. తెలుగులో మాట్లాడుతున్నప్పుడు ‘నియాసినమైడ్’ అనడంలో చిన్నతనం ఏమీ లేదు. నేను రాసేటప్పుడు ‘ని’తోనే రాస్తాను, ఎందుకంటే అందులో నికోటినిక్ తాలూకు మూలం కనిపిస్తుంది, పదం కథ చెరిగిపోదు. ఒంగోలులో 1928లో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి, ఊరూరా రైతులు ఒకే పనిముట్టుకు వాడే వేరువేరు పేర్లను సేకరించి మాండలిక పదకోశాలుగా కూర్చే పనికి నాయకత్వం వహించారు. మాటకు ఒకే ఒక్క రూపం ఉండాలన్న పట్టుదల ఉంటే ఆ పని మొదలయ్యేదే కాదు. మెడికల్ షాపులో ఒక ఆడపిల్ల ‘నియా’ అన్నందుకు పక్కవాళ్లు నవ్వితే, ఆ నవ్వులో భాషాజ్ఞానం కంటే ఇంగ్లీషు పట్ల భయమే ఎక్కువ ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

కానీ ఒక్క చోట మాత్రం జాగ్రత్త తప్పనిసరి, అది పదం మొదట్లో కాదు, చివర్లో. పొడవు తగ్గించుకోవడానికి చాలామంది ‘నియాసిన్ సీరం’ అని అడుగుతున్నారు. నియాసిన్ వేరు, నియాసినమైడ్ వేరు. రెండూ బి3 విటమినే అయినా, నియాసిన్ అంటే ఆమ్లరూపం. దాన్ని మాత్రలుగా, పెద్ద మోతాదులో, రక్తంలో కొవ్వు తగ్గించడానికి వైద్యులు వాడారు. అది మింగిన కాసేపటికి ముఖం, మెడ ఎర్రబడి మంట పుడుతుంది. చర్మంలోని కణాలు ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని విడుదల చేసి రక్తనాళాలను విప్పార్చడం వల్ల అలా జరుగుతుంది. అమైడ్ రూపానికి ఆ మంటా లేదు, కొవ్వును తగ్గించే గుణమూ లేదు. మా బంధువులలో ఒకాయన ముఖంపై మచ్చల కోసం ఒక షాపులో ‘నియాసిన్’ అని అడిగి, ఇచ్చిన మాత్ర వేసుకుని, అరగంటలో మొహం కుంకుమలా మారితే ప్రాణం పోతుందేమోనని ఆసుపత్రికి పరుగెత్తాడు. డాక్టరు చీటీ లేకుండా అటువంటి మాత్ర చేతిలో పెట్టడం ఆ షాపువాళ్ల తప్పే, కానీ మాట తోక తెగడంతోనే ఆ తప్పుకు దారి ఏర్పడింది.

ఇంకో చిక్కు పెట్టె మీది పేర్లలో ఉంది. 1942లో అమెరికా దాచిన పేరును ప్రపంచ ఆరోగ్య సంస్థ దాచలేదు. మందులకు అంతర్జాతీయంగా వాడే పేరు నేటికీ ‘నికోటినమైడ్’. సౌందర్య సాధనాల పదార్థాల పట్టికలో మాత్రం ‘నియాసినమైడ్’ అని ఉంటుంది. కాబట్టి డాక్టరు రాసిన మాత్ర మీద ఒక పేరు, అదే పదార్థం ఉన్న సీరం మీద మరో పేరు కనిపించవచ్చు. ‘నికో’ అని చూసి అది సిగరెట్టు మానడానికి నమిలే బిళ్ల అనుకున్నవాళ్లూ ఉన్నారు. చివర ‘అమైడ్’ ఉందా లేదా అన్నది చూసుకుంటే ఆ పొరపాటు జరగదు: నికోటినమైడ్, నియాసినమైడ్ ఒకటే, నియాసిన్, నికోటినిక్ ఆమ్లం ఒకటే, నికోటిన్ ఈ రెండూ కాదు.

ఆ సాయంత్రం పొగతోటలో, ‘నేసిన్‌మైడు’ అడిగిన పెద్దావిడ వైపు షాపులో ఒకరిద్దరు వింతగా చూశారు. కుర్రవాడు మాత్రం ఫోనులో బొమ్మ చూడకుండానే అల్మరా దగ్గరికి వెళ్లి, మా మేనకోడలికి ఇచ్చిన సీసా లాంటిదే ఇంకొకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆవిడ మొదటి సగాన్ని నలిపేసింది కానీ, ‘మైడు’ను వదల్లేదు.